లేదన్న కారు

మోత్కూర్ దాటినంక తారురోడ్డు దిగి మట్టిబాట పట్టుకొని పోతే శ్రీశైలం, అరుణమ్మల బాయికాడి ఇల్లు వస్తది. ఇంటి ముంగట రేకుల షెడ్డు, షెడ్డు అవతల పత్తిచేను. ఆ దినం చేన్ల పత్తి ఏరుడు నడుస్తాంది. గోపమ్మ తన వాడకట్టు ఆడోళ్ళను తోలుకొని వచ్చింది. మధ్యాన్నం సద్దులు తిని మళ్ళ సాళ్ళల్లకు దిగిండ్రో లేదో, ఆళ్ళల్ల బిక్షమ్మ ఒక్కసారి కెవ్వుమన్నది.

గట్టు మీద నీళ్ళ బిందె పట్టుకొని నిలబడ్డ అరుణమ్మ, బిందె కిందపెట్టి ఉరికింది. బిక్షమ్మ మట్టిల కూలబడి కుడికాలు రెండు చేతులతోని పట్టుకున్నది. చీలమండ పైన రెండు గాట్లు, సన్నగ నెత్తురు. పక్క సాలుల ఉన్నామె పామును చూసిందట. లావుగ, ఒంటి నిండ మచ్చలున్నదట. "రక్తపింజర" అన్నది గోపమ్మ.

నలుగురు ఆడోళ్ళు బిక్షమ్మను ఎత్తుకొచ్చి రేకుల షెడ్డు నీడల పండబెట్టిండ్రు. అదే షెడ్డు కింద కొత్త కారు ఉన్నది. తెల్ల కారు. ఆ వారమే వచ్చింది. ముంగట కట్టిన ఎర్ర రిబ్బను ఇంక విప్పలేదు, సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు ఇంక తియ్యలేదు. శుక్రవారం యాదగిరిగుట్టకు పోయి పూజ చేపిద్దామని శ్రీశైలం అనుకున్నడు. పూజ అయ్యేదాక దాన్ని బయటికి తీసేది లేదని ఇంట్ల అందరికి చెప్పి పెట్టిండు.

లొల్లి విని శ్రీశైలం అరుగు మీదికి వచ్చిండు. కారు తాళం ఆయన అంగీ జేబులనే ఉన్నది. బిక్షమ్మను చూసిండు, కారును చూసిండు, పెండ్లాం దిక్కు చూసిండు.

"నూట ఎనిమిదికి కొట్టు" అన్నడు. "జల్ది కొట్టు. ఆళ్ళైతే సూదులు గిట్ల ఆడనే ఇస్తరు."

ఆ మాటలో తప్పేమి లేదు. అయినా ఆ మాట ఎందుకన్నడో అరుణమ్మకు సమజైంది. ఆమె మనసుల కూడ అదే ఉన్నది కాబట్టి సమజైంది.

అరుణమ్మకు ఫోన్ చెవికి పెట్టుకుంటే సరిగ ఇనవడదు. ఎప్పుడైనా స్పీకర్ పెట్టే మాట్లాడుతది. ఇప్పుడు కూడ అట్లనే పెట్టింది. అవతల ఒక చిన్న వయసు ఆడపిల్ల గొంతు పలికింది. ఏం జరిగిందని, ఏ మండలమని, ఏ ఊరని అడిగింది. పేషెంటుకు సోయి ఉన్నదా అన్నది. నడిపించొద్దు, గాటు కొయ్యొద్దు, కాలు కదలకుండ పెట్టండి అని చెప్పింది. అరుణమ్మ అన్నిటికి గబగబ జవాబులు చెప్పింది. బాట గుర్తులు కూడ చెప్పింది.

"అమ్మా, మీకు దగ్గరున్న అంబులెన్స్ కాన్పు కేసు తీసుకొని పోయింది. ఇంకొకటి పంపిస్తున్నాం, కొంచెం దూరం నుంచి రావాలి" అన్నది ఆ పిల్ల. "మీ దగ్గర ఏదైనా బండి ఉందా అమ్మా? కారు గానీ ఆటో గానీ? ఉంటే పేషెంటును పడుకోబెట్టి మెయిన్ రోడ్డు దాకా ఎదురు తీసుకురండి. మా వాళ్ళు దారిలోనే ఎక్కించుకుంటారు. టైమ్ కలిసొస్తుంది."

అరుణమ్మ మొగని దిక్కు చూసింది. శ్రీశైలం వద్దన్నట్టు చెయ్యి కొద్దిగ ఊపిండు. అంతే.

"లేదమ్మా. బండేం లేదు" అన్నది అరుణమ్మ.

"ఏదీ లేదా అమ్మా? పక్కింట్లో అయినా?"

"లేదు. ఇది బాయికాడ. ఎవ్వరు లేరు."

"సరే అమ్మా, బయలుదేరింది. మీకే ఫోన్ చేస్తారు, ఫోన్ దగ్గర పెట్టుకోండి."

ఫోన్ బందయింది. గోపమ్మ కింద కూసొని బిక్షమ్మ తలను ఒళ్ళె పెట్టుకున్నది. ఆమె వీపు కారు టైరుకు ఆనుకొని ఉన్నది. ఇంత ముందుకు జరిగి కూసున్నది. మిగిలిన ఆడోళ్ళు కొంగులతోని గాలి విసురుతున్నరు. ఒక్కరు కూడ అరుణమ్మ మొఖం చూడలేదు, కారునూ చూడలేదు. అంత పెద్ద కారు పక్కనే ఉంటే చూడకుండ ఉండుడు ఎంత కష్టమో అరుణమ్మకు అప్పుడు తెలిసింది.

ఆమె ఉరికి పోయి నీళ్ళు తెచ్చింది. బిక్షమ్మ మొఖం తుడిచింది. దిండు తెచ్చి కాలు కింద పెట్టింది. ఎంత చేసినా చేతులు ఖాళీగనే ఉన్నట్టు అనిపించింది.

ఇంతల బిక్షమ్మ మొగడు జానయ్య బైకు మీద వచ్చిండు. పక్క చేన్ల మందు కొడుతుంటే ఎవరో ఫోన్ చేసి చెప్పిండ్రట. మూతికి కట్టుకున్న తువ్వాల ఇంక విప్పనేలేదు. పెండ్లాం కాలు చూసిండు. అప్పటికే మోకాలు దాక వాపు ఎక్కింది.

"అంబులెన్స్ వస్తాంది జానయ్యా" అన్నది అరుణమ్మ.

"ఎంత దూరమున్నదమ్మా?"

ఆమె బాట దిక్కు చూసింది. జానయ్య కండ్లు కారు మీద పడ్డయి. ఆ చూపు ఆగలేదు, వచ్చినట్టే వెనక్కి పోయింది. "గోపక్కా, ఎనుక కూసొని గట్టిగ పట్టుకో" అన్నడు. మధ్యల బిక్షమ్మను కూసోబెట్టుకొని, గోపమ్మ ఎనుక నుంచి నడుం పట్టుకుంటే, బైకు మట్టిబాట గుంతలల్ల ఊగుకుంట పోయింది. ఆమె కాలు కిందికి యేలాడుతాంది. కదలనియ్యొద్దని ఆ పిల్ల చెప్పిన కాలు.

శ్రీశైలం అరుగు మీద నిలబడే ఉన్నడు. అరుణమ్మ లోపలికి పోలేదు. ఫోన్ మోగింది.

"అమ్మా, అంబులెన్స్ నుంచి. మెయిన్ రోడ్డెక్కినం. పేషెంటు అక్కడనే ఉన్నదా?"

"లేదు బిడ్డా. బైకు మీద ఎదురొస్తున్నరు."

"బైకు మీదనా? బండేం లేదన్నరు కదమ్మా?" అన్నడు అతను. గొంతుల కోపం లేదు, పరేషాన్ ఉన్నది. "సరే, చూసుకుంట వస్తం."

తారురోడ్డు మలుపు కాడ దొరికిండ్రని తరువాత తెలిసింది. అప్పటికే బిక్షమ్మ నోటెంట నెత్తురు వచ్చిందట. మోత్కూర్‌ల మొదటి సూదులు వేసి, ఆడ నుంచి నల్గొండ పెద్ద దవాఖానకు తీసుకపోయిండ్రు.

రాత్రి అన్నం కాడ శ్రీశైలం తనంతట తనే మాట తీసిండు. "దొరికింది కదనే దవాఖాన. మనం ఫోన్ చెయ్యకపోతే ఏమైతుండె?"

అరుణమ్మ కూర గిన్నె ముందుకు జరిపింది.

"పూజ కాని బండిల... ఏమన్న అయితే? శకునం చూడమా?"

"మా చెల్లెను కరిస్తే శకునం చూస్తుంటివా?"

"ఇప్పుడు అవన్నీ ఎందుకే" అని ఆయన చెయ్యి కడుక్కున్నడు.

ఆమె మొగన్ని అడిగింది గాని, ఆ మాట తనకే తగిలింది. పండుకుంటే నిద్ర రాలేదు. "లేదు" అన్నప్పుడు తన కండ్ల ముంగట ఏమున్నదో యాదికి తెచ్చుకున్నది. శుక్రవారం లేదు, యాదగిరిగుట్ట లేదు. తెల్ల సీటు మీద బిక్షమ్మ చీర కనవడ్డది. ఆ సీట్ల తరువాత తాను కూసునుడు కనవడ్డది. అంతే. ఇన్నేండ్ల నుంచి బిక్షమ్మ తన చేన్ల పని చేసింది. తన బిడ్డ పెండ్లిల బిక్షమ్మ రాత్రంత గిన్నెలు తోమింది. తాను ఆమెను పేరు పెట్టి పిలుస్తది, కష్టసుఖాలు అడుగుతది, పండుగకు చీర పెడుతది. తాను అంటు చూసే మనిషిని కాదనే ఇన్నొద్దులు అనుకున్నది.

నాలుగైదు దినాలైనంక నల్గొండకు పోయింది. బస్సుల పోయింది. బత్తాయిలు తీసుకపోయింది. బిక్షమ్మ కాలు దిమ్మె లెక్క వాసి, నల్లగ కమిలి ఉన్నది. నెత్తురు గడ్డకడ్తలేదని సూదుల మీద సూదులు ఇచ్చిండ్రట. ఇప్పుడు పానానికి ఫికర్ లేదన్నరట. జానయ్య స్టూలు మీద నుంచి లేచి, దాన్ని తువ్వాలతోని దులిపి అరుణమ్మకు వేసిండు.

పక్క మంచం కాడి ముసలామె అడిగింది. "ఎవరు బిడ్డా?"

"మా అమ్మ. నేను పనికి పొయ్యే చేనామె. ఫోన్ చేసింది గీమెనే" అన్నది బిక్షమ్మ.

"నీ కడుపు సల్లగుండ! నువ్వు సమయానికి ఫోన్ చేసినవు, పిల్ల బతికింది" అని ముసలామె అరుణమ్మ రెండు చేతులు పట్టుకొని కండ్లకు అద్దుకున్నది. చేతులు గుంజుకుందామంటే ఎట్ల గుంజుకుంటది? అరుణమ్మ తల వంచుకొని కూసున్నది. బిక్షమ్మ కండ్లు మూసుకున్నది. ఆ దినం ఫోన్ల మాటలు ఈమె విన్నదో లేదో అరుణమ్మకు తెలియలేదు. బత్తాయిల సంచి మంచం కింద పెట్టి లేచింది.

బయటికి వస్తుంటే జానయ్య వరండా దాక తోడొచ్చిండు. అరుణమ్మ ఆగింది.

"జానయ్యా, ఆ దినం..."

"పోనియ్యండమ్మా" అన్నడు ఆయన. "బస్టాండుకు ఇట్ల గేటెంట పోండ్రి, దగ్గరైతది. మోత్కూర్ బస్సు నిలబడే ఉంటది."

తిట్టినా బాగుండు అనిపించింది. ఆయన దారి చూపిండు.

బిక్షమ్మను ఇంటికి పంపే దినం ఎప్పుడో గోపమ్మ ద్వారా తెలుసుకొని అరుణమ్మ కారుల తోలుకొద్దామని మొగనితోని పట్టు పట్టింది. శ్రీశైలం మొదట నసిగిండు, తరువాత కారు తీసిండు. పూజ అప్పటికే అయింది. దవాఖాన గేటు కాడ కారు ఆపి, ఆయననే దిగి ఎనుక తలుపు తెరిచి నిలబడ్డడు. జానయ్య భుజం పట్టుకొని బిక్షమ్మ కుంటుకుంట వచ్చింది.

"రాండ్రి, కూసోండ్రి" అన్నడు శ్రీశైలం.

"ఆటో మాట్లాడుకున్నం పటేలా" అన్నడు జానయ్య. ఇంత దూరంల అతని తమ్ముడు ఏసోబు ఆటో పెట్టుకొని ఉన్నడు.

"అంత దూరం ఆటోల ఎట్ల కూసుంటది? తొవ్వంత గుంతలు."

బిక్షమ్మ తెరిచిన తలుపు లోపలికి ఒక్కసారి చూసింది. "తొవ్వల వాంతి గిట్ల అయితదమ్మా" అన్నది అరుణమ్మతోని. "కొత్త కారు ఖరాబైతది."

ఎత్తిపొడుపు లేదు ఆ మాటల. మామూలుగనే అన్నది. అయినా శ్రీశైలం మొఖం నల్లబడ్డది. తలుపు మూసిండు.

అరుణమ్మ కారెక్కలేదు. "నేను ఆటోల వస్త, మీరు పోండ్రి" అని మొగనికి చెప్పి, ఆటోల బిక్షమ్మ పక్కన కూసున్నది. జానయ్య ముంగట తమ్ముని పక్కన కూసున్నడు. నల్గొండ దాటిండ్రు. ఆటో సప్పుడుల ముంగటోళ్ళకు ఇనవడదనుకొని అరుణమ్మ నోరు తెరిచింది.

"బిక్షమ్మా. ఆ దినం కారు ఉండె. నేనే లేదన్న."

"ఇన్న అమ్మా. అప్పటికి నా చెవులు మంచిగనే ఉన్నయి."

"మరి దవాఖానల... ముసలామెతోని అట్ల చెప్పితివి?"

"ఫోన్ చేసినవు కద. చేసింది చెప్పిన." బిక్షమ్మ కాలు కొద్దిగ జరుపుకున్నది. "కోపం వచ్చి ఏం జేస్తనమ్మా. కాని ఒక్కటి. నీళ్ళు తెచ్చినవు, మొఖం తుడిచినవు, కాలు కింద దిండు పెట్టినవు. నీ ఇంట్ల పండుకునే దిండు. అవన్నీ చేసినామెవు, ఇదొక్కటి ఎందుకు చెయ్యలేదని మంచం మీద పండుకొని మస్తు సోచాయించిన. నాకు సమజ్ కాలే."

శుక్రవారం పూజ అన్న మాట అరుణమ్మ నాలుక మీదికి వచ్చింది. చెప్తే బిక్షమ్మ తల ఊపుతది, అట్లనా అంటది, ఆ సంగతి ఆడికి ఒడుస్తది. అరుణమ్మ ఆ మాటను మింగింది.

"పూజ కాలేదని కాదు" అన్నది.

బిక్షమ్మ చాన సేపు బయటికి చూసింది. "తెలుసు తియ్యి" అన్నది చివరికి. ఆటో ఇల్లు చేరింది. దిగినప్పుడు అరుణమ్మ చెయ్యి ఇయ్యబోతే, ఆమె ఏసోబు భుజం పట్టుకొని దిగింది.

ఆ యేడు మిగిలిన పత్తి ఏరనీకి గోపమ్మ గుంపు రాలేదు. వేరే చేన్లు ఒప్పుకున్నమని చెప్పింది. వేరే ఊరి కూలోళ్ళను తెచ్చుకున్నరు. బిక్షమ్మకు ఎక్కువ సేపు నిలబడుడు ఇంక చాతనైతలేదు. ఎదురుపడితే మంచిగనే మాట్లాడుతది, పిల్లల సంగతి అడుగుతది. ఇంటికి మాత్రం రాదు.

ఊర్ల ఇప్పటికి ఆ ముచ్చట వస్తనే ఉంటది. మొన్న పాలకేంద్రం కాడ వరుసల నిలబడ్డప్పుడు, కొత్తగ కాపురానికొచ్చిన ఒక కోడలు అన్నది. "మీరేనట కదా అత్తమ్మా, పాము కరిస్తే అంబులెన్స్ పిలిపించి మనిషిని బతికిచ్చింది?"

ఎన్నిసార్లో ఈ మాటకు అరుణమ్మ ఊకొట్టింది. ఆ పొద్దు ఊకొట్టలేకపోయింది.

"పిలిపిచ్చిన" అన్నది. "ఇంట్ల కారు పెట్టుకొని, బండి లేదని చెప్పిన. ఆమె బైకు మీద పోయింది."

ముంగట నిలబడ్డ ఇద్దరు మర్లి చూసి మళ్ళ తలలు తిప్పుకున్నరు. పాలు కొలిచే మైసయ్య, "గిన్నె పెట్టుండ్రమ్మా" అన్నడు. అరుణమ్మ ముందుకు జరిగి గిన్నె పెట్టింది. మొఖం మండుతాంది. అయినా పాలు కొలిచేదాక తల వంచకుండ నిలబడ్డది.