ఇప్పుడు చదువుతున్నవారు

నారాయణఖేడ్‌లో సర్కారు కొలువుల పరీక్షలకు లెక్కలు చెప్పే ప్రతాప్, తన దగ్గర చదువుకునేవాళ్ల కోసం ఒక వెబ్‌సైట్ పెట్టాడు. పాత ప్రశ్నపత్రాలు, జవాబులు అందులో ఉండేవి. పక్కన "ఇప్పుడు చదువుతున్నవారు" అని ఒక జాబితా. ఎవరు లాగిన్ అయితే వాళ్ల పేరు, ఊరు అందులో కనిపిస్తాయి. ఐదు నిమిషాలు కదలిక లేకపోతే పేరు పోతుంది. ఊరికొకరుగా ఒంటరిగా చదివేవాళ్లకు తోడున్నట్టు ఉంటుందని ఆ ఏర్పాటు.

మొదట్లో తెల్లవారుజామున ఎనభై పేర్లు కనిపించేవి. నోటిఫికేషన్ రాలేదు. ఏడాదికి నలభై అయ్యాయి, ఆ తరువాత తొమ్మిది. ఖాళీ జాబితా చూసి ఉన్నవాళ్లు కూడా నీరుగారిపోతారని ప్రతాప్‌కు భయం పట్టుకుంది. మానేసినవాళ్ల పేర్లు ఓ ముప్పై తీసి, రోజూ కొన్ని మారుతూ కనిపించేలా చేశాడు. నెల రోజులకేనని అనుకున్నాడు. రెండేళ్లు గడిచాయి.

నిజంగా ఎవరు వస్తున్నారో అతనికి మాత్రమే తెలుసు. చివరికి ఒక్కడే మిగిలాడు. ఈరయ్య, నాగల్‌గిద్ద. రోజూ ఐదింటికి వచ్చి ఏడింటిదాకా ఉంటాడు. సైటు మూసేద్దామనుకున్న ప్రతాప్, ఆ ఒక్కడికైనా ఎదురుగా చెప్పాలని ఒక ఆదివారం బస్సెక్కాడు.

ఈరయ్య వాకిట్లోకి ఎదురొచ్చాడు. తల సగం నెరిసింది.

"సార్, మీరే అస్తిరా! కూసోండ్రి. నోటిఫికేషన్ గిట్ల పడ్డదా?"

"లేదన్నా. వయసు దాటలేదా నీకు?"

"నిరుడే దాటింది. సడలింపు ఇస్తరేమోనని సూస్తున్న. గంత మంది ఇంక సదువుతుండ్రంటే, ఏదో ఎరుక లేకుంట సదువుతరా? గా యాస్మీన్ ఉన్నది గద సార్, ఐదు గొట్టంగనే ఆమె పేరు కనవడ్తది. ఆడపిల్ల గంత జల్దీ లేస్తే నాకేం రోగమని నేను లేస్త."

చాయ్ తెచ్చిన భార్య మల్లీశ్వరి గ్లాసు ప్రతాప్ ముందు టక్కున పెట్టింది. "మా అన్న దత్తు పట్నంల బడి కాడ వాచ్‌మెన్ కొలువు సూపిచ్చిండు సార్. పొమ్మంటే పోలే. ముప్పై మంది సదువుతుంటే నేనొక్కన్నే ఇడిశిపెడ్తనా అన్నడు. మీరన్న చెప్పుండ్రి." ఆమె లోపలికి వెళ్లిపోయింది.

ప్రతాప్ చాయ్ ముట్టుకోలేదు.

"అన్నా, అక్కడ ఎవ్వరు లేరు."

"నెట్ పోయిందా?"

"కాదు. ఇప్పుడు నువ్వొక్కనివే ఉన్నవ్. రెండేండ్ల సంది ఆ పేర్లు నేనే పెడ్తున్న. మీరు దిగాలు పడొద్దని పెట్టిన."

ఈరయ్యకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని నేలకేసి చూశాడు.

"యాస్మీన్?"

"జహీరాబాద్‌ల బట్టల దుకాణంల చేస్తుంది. పుస్తకం ఇడిశి మూడేండ్లాయె."

"ఉమారాణి? కంగ్టి ఆమె?"

"తెల్వదన్నా."

మల్లీశ్వరి గడపలోకి వచ్చింది. "ఏమంటుండు సారు?"

"సైటు బంద్ చేస్తడంట," అన్నాడు ఈరయ్య. అంతకు మించి చెప్పలేదు. ఫోన్ తీసి బావమరిదికి కలిపాడు. ఆ కొలువు ఎప్పుడో నిండిపోయిందని అటునుంచి దత్తు అనడం ప్రతాప్‌కూ వినిపించింది.

బస్సు దాకా సాగనంపుతూ ఈరయ్య ఒక్కమాటే అన్నాడు. "మా మంచికే చేసిన్రు సార్. కాని జర ముంగట చెప్తే బాగుండె."

ప్రతాప్ ఆ సాయంత్రం పేర్లన్నీ తీసేశాడు. సైటు మూయడానికి మాత్రం మనసు రాలేదు. మర్నాడు ఐదింటికి జాబితాలో ఈరయ్య ఒక్కడి పేరు వచ్చింది. ఏ ప్రశ్నపత్రమూ తెరవలేదు. ఐదు నిమిషాలకు పేరు పోయింది. మళ్లీ రాలేదు.

కంది కోతలయ్యాక ఒక రోజు నారాయణఖేడ్ బస్టాండులో ఆ భార్యాభర్తలు మూటలతో పట్నం బస్సు కోసం నిలబడి ఉన్నారు. భవనాల పని మేస్త్రీ ఎవరో తలలు లెక్కపెట్టుకుంటున్నాడు. ఈరయ్య ప్రతాప్‌ను చూశాడు. చూసి, మూట ఇంకో భుజానికి మార్చుకున్నాడు.