మౌలాబీ నడిచిన చోటు

పొద్దున లేవగానే కరీమున్‌కి మొదటి పని గడ్డి పీకడం. అత్త మౌలాబీ తెల్లారకముందే నమాజుకని కాళ్ళూచేతులూ కడిగి వజూ చేసుకోవడానికి మంచం దిగేది. ఆవిడ ఎటు నడిస్తే అటు, మంచం నుంచి నీళ్ళకుండ దాకా, కుండ నుంచి గడప దాకా, అలికిన నేల పగిలి వేలెడెత్తు పచ్చగడ్డి మొలిచేది. సాగరు కాలవలు ఇంకా తవ్వుతూనే ఉన్న రోజులవి. ఎండాకాలం వస్తే సత్తెనపల్లి చుట్టుపక్కల పశువులకి పచ్చి పరక దొరికేది కాదు. అందుకని పక్కింటి అంకమ్మ "పెద్దమ్మ లేచిందా?" అని ఒక కేకేసి, జవాబు కోసం చూడకుండా తన మేకని లోపలికి తోలేసేది. అది గడ్డితోపాటు చాప అంచులు కూడా నమిలేది.

"అత్తా, కాసేపు మంచం మీదే కూర్చోరాదూ? నిన్ననే అలికాను," అనేది కరీమున్.

"కూర్చుంటే కాళ్ళు పట్టేస్తాయే. నా వక్కలు ఎక్కడ పెట్టావు?"

వక్కలు ఆవిడ కొంగులోనే ఉండేవి. అవి దొరికాక నీళ్ళు చల్లారిపోయాయనేది. మళ్ళీ కాచి ఇస్తే కాలుతున్నాయనేది.

కరీమున్ మొగుడు మీరా హుస్సేన్ మంచివాడే. ఆ మంచితనమంతా వీధిలోనే ఖర్చయిపోయేది. శుక్రవారం నమాజు అయ్యాక మసీదు అరుగు మీద కూర్చుని, తల్లి పాదాల కింద స్వర్గం, జన్నత్ ఉందనీ, కన్నవాళ్ళని విసుక్కుంటూ "ఉఫ్" అని కూడా అనకూడదనీ అందరికీ చెప్పేవాడు. చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. ఇంటికొచ్చి ఆ గడ్డి మీదే చెప్పులు విడిచి, అన్నానికి కూర్చునేవాడు.

"ఇంటిపట్టున ఉండని మనిషికి ఉఫ్ అనే అవసరం ఏముంటుంది?" అంది ఒకరోజు కరీమున్. "జన్నత్ సంగతి వీధిలో నువ్వు చెబుతావు. దాని గడ్డి పీకేది నేను."

"అబ్బ, మెల్లగా. అమ్మ వింటుంది."

"విననీ."

అసలు ఆమె కడుపుమంట గడ్డి గురించి కాదు. సత్తెనపల్లిలో ఆమె తల్లి మస్తాన్‌బీ ఒక్కతే ఉంటోంది. మగపిల్లలు లేరు. చూపు మందగించి, పొయ్యి దగ్గర చేతులు కాల్చుకుంటోంది. తీసుకొచ్చేద్దామని అడిగినప్పుడల్లా మీరా హుస్సేన్ తల గోక్కునేవాడు. "అత్తగారిని ఇంట్లో పెట్టుకుంటే జనం ఏమంటారు? మిరపకాయలు అమ్మాక చూద్దాంలే." అంతకుముందు పత్తి తీశాక చూద్దామన్నాడు.

ఆ ఏడు మిరప విరగకాసింది. ఊరి చివర కల్లంలో ఎర్రగా ఎండబోశారు. కాయ గలగలమంటోంది, రేపో మాపో బస్తాలకెత్తాలి. అట్లాంటప్పుడు మౌలాబీ కోడల్ని వెతుక్కుంటూ వచ్చి, కాయల మీద నుంచి అడ్డంగా నడిచింది. ఆవిడ అడుగు పడిన మేరకి కాయలు చెమ్మగిల్లి, పగిలి, గింజలు మొలకలెత్తాయి. కరీమున్ చేతిలో తట్ట విసిరికొట్టింది.

"ఉఫ్! అత్తా!"

కల్లంలో కూలీలందరూ విన్నారు. మీరా హుస్సేనూ విన్నాడు. "మా అమ్మని ఏమన్నావు?" అంటూ మీదికొచ్చాడు.

"అన్నాను. అనకుండా ఇన్నేళ్ళు నోరు నొక్కుకున్నాను. అక్కడ నన్ను కన్నది పొయ్యిలో చేతులు పెట్టుకుంటోంది. ఆవిడ తల్లి కాదా? ఆవిడ కాళ్ళ కింద ఏముందో ఎప్పుడన్నా చూశావా?"

మౌలాబీ ఇద్దరి మొహాలూ చూసి ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున కరీమున్ వెళ్ళి చూస్తే మంచం ఖాళీగా ఉంది. గడప దాటి, వీధి దాటి, పత్తిచేల నల్లరేగడి మీద ఒక సన్నటి పచ్చగీత సత్తెనపల్లి వైపు పోతోంది. అంకమ్మ మేక అప్పుడే దాన్ని ఈ చివర నుంచి మేసుకుంటూ పోతోంది.

"ఒసే అంకమ్మా, నీ మేకని కట్టెయ్యవే!" అని అరిచి, కరీమున్ మొగుణ్ణి నిద్రలేపింది. "మీ అమ్మ ఎండనపడి చస్తుందయ్యా, పరిగెత్తు!"

తను ఇంట్లో కూర్చోలేక కల్లానికి పోయి, పాడైన కాయలు ఏరుతూ దారి వంక చూస్తూనే ఉంది. తిట్టుకుంటూనే ఉంది. అత్తనీ, మొగుణ్ణీ, తన నోటినీ.

పొద్దువాలుతుండగా అద్దెబండి వచ్చి, ఇంటి సందులోకి పట్టక, కల్లం పక్కన ఆగింది. అందులో మౌలాబీ కూర్చుని ఉంది. ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని మస్తాన్‌బీ పడుకుని ఉంది.

"జ్వరంతో తలుపేసుకుని పడుంది," అన్నాడు మీరా హుస్సేన్, కరీమున్ మొహంలోకి చూడకుండా. "గుక్కెడు నీళ్ళు పోసే దిక్కు లేదు. నేను పోయేసరికి అమ్మ తలుపు తోసుకుని వెళ్ళి గంజి తాగిస్తోంది. ఈమెని ఎత్తుకోరా అంది. నాతో మళ్ళీ మాట్లాడలేదు."

అతను వంగి మస్తాన్‌బీని వీపున ఎక్కించుకున్నాడు.

"దించు నాయనా, నడుస్తాను," అంది మస్తాన్‌బీ నీరసంగా.

"కల్లం దాటితే ఇల్లేగా, నేను పట్టుకుంటాను. దించు," అంది కరీమున్.

మీరా హుస్సేన్ దించలేదు.

"కల్లంలో కాయలున్నాయి. ఈమె అడుగు పడినా మొలుస్తాయి," అన్నాడు.

కూలీలు పని ఆపి చూస్తున్నారు. అతను వాళ్ళ ముందు నుంచే, అత్తగారి పాదాలు నేలకి తగలకుండా రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని, రొప్పుకుంటూ కల్లం చుట్టూ తిరిగి ఇంటిదారి పట్టాడు. కరీమున్ ఇక అక్కడ నిలబడలేకపోయింది. కొంగుతో మొహం తుడుచుకుని, ఇంకో మంచం వాల్చడానికి అతనికంటే ముందు పరిగెత్తింది.