జడ ముడి వేసుకున్న కాలమిస్టు

చొక్కా కాలరు మురికి ఒక పట్టాన వదలదు. ప్రతి ఆదివారం పేపర్లో లోకానికి నీతులు చెప్పే పెద్దమనిషి కాలరైనా అంతే. బాత్రూంలో పీట వేసుకుని ఆమె ఆ మురికితో కుస్తీ పడుతుండగా ఆడపడుచు ఫోన్ చేసింది.

"వదినా, చూశావా? ఎవరో నర్సట, నెట్‌లో అన్నయ్య మీద బురద చల్లుతోంది. అమ్మ గురించి అన్నయ్య రాసింది ఎక్కడినుంచో దొంగతనం చేసిందట. అన్నయ్యకి ఆ ఖర్మేమిటి చెప్పు?"

"ఎక్కడుంది?" అంది ఆమె, చేతి నురగ తువ్వాలుకి తుడుచుకుంటూ.

"నీకు పంపుతున్నా. కింద జనం ఏమేం రాస్తున్నారో చదవకు, గుండె ఆగిపోతుంది."

మొన్న ఆదివారం ఇదే ఆడపడుచు ఫోన్‌లో వెక్కివెక్కి ఏడ్చింది. అన్నయ్య కాలమ్‌లో 'అమ్మకు స్నానం' అని రాశాడు. మంచం పట్టిన తల్లికి పదకొండు నెలలు తన చేతులతో నీళ్ళు పోశానని, పుండ్లు పడకుండా వీపు ఒత్తానని, గోళ్ళు తీశానని. "అన్నయ్య ఇంత చేశాడని నాకు తెలియనే తెలియదు వదినా" అంది. ఆవిడకెలా తెలుస్తుంది? ఆ పదకొండు నెలల్లో వచ్చింది రెండుసార్లు. రెండుసార్లూ ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే నిలబడింది. ఇక అన్నయ్యగారు ఆ మాత్రం కూడా నిలబడలేదు. "అమ్మే అయినా ఆడమనిషి కదా, నేనెలా చేస్తాను? నువ్వున్నావుగా" అన్నాడు మొదటిరోజే. ఆ "నువ్వున్నావుగా"తో ఆమె స్కూల్లో టీచరు ఉద్యోగం కూడా పోయింది. స్కూలువాళ్ళు సెలవు ముందు నెల అన్నారు, తర్వాత ఆర్నెల్లన్నారు, ఆ తర్వాత ఎప్పుడొస్తావని అడగడం మానేశారు.

ఆ రోజుల్లోనే ఆమె బ్లాగు పెట్టుకుంది. అత్తగారు కునుకు తీసినప్పుడల్లా ఫోన్‌లో నాలుగు ముక్కలు రాసేది. చదివేవాళ్ళు మహా అయితే పన్నెండు మంది. అత్తగారి స్నానం గురించి రాసినప్పుడు మాత్రం అది బాగా వచ్చిందని ఆమెకే అనిపించి, భర్తకి మెయిల్ చేసింది. రచయిత కదా, ఒక మాట అంటాడేమోనని ఆశ. "ఇలాంటివెవరు చదువుతారు? పైగా ఇంటి గుట్టు వీధిలో పెడతావా? తీసేయ్" అన్నాడు. తీసేశానని చెప్పింది. తీసెయ్యలేదు. మళ్ళీ రాయనూ లేదు. తొమ్మిదేళ్ళయింది.

ఆదివారం పేపరు తెరిచి మొదటి పేరా చదవగానే అది తన బ్లాగులోదేనని ఆమెకి తెలిసిపోయింది. ఆపైన చదవలేదు. కంఠతా వచ్చినదాన్ని మళ్ళీ చదవడమెందుకు? పేపరు పట్టుకుని వెళ్ళి "ఇది నాది కదండీ" అంది.

"నీది నాది ఏమిటి? ఇంటి విషయం. అమ్మ నాదే కదా" అన్నాడాయన, ఫోన్‌లో అభిమానుల మెచ్చుకోళ్ళు చదువుకుంటూ.

వెళ్ళి గిన్నెలు తోముకుంది. ఆ రోజు ఏ గిన్నె ఎన్నిసార్లు తోమిందో ఆమెకే తెలియదు.

ఇప్పుడు నర్సు పెట్టిన పోస్టు తెరిచింది. ఒకవైపు కాలమ్, ఒకవైపు బ్లాగు, కలిసిన వాక్యాలన్నిటికీ పసుపు రంగు. తెల్లగా మిగిలింది చాలా తక్కువ. పైన నర్సు ఇలా రాసింది. "మంచాన పడ్డవాళ్ళ ఒళ్ళు తుడవడం నా ఉద్యోగం. ఇది చదివి ముందు ఏడ్చాను. చేసినవాళ్ళకి తప్ప తెలియని సంగతులివి. అంతలో 'జడ ముడి వేసుకుని, నీళ్ళ వేడి మోచేత్తో చూసుకుని' అన్న చోట ఆగిపోయాను. కాలమ్ పైనున్న ఫోటోలో ఈయన నున్నటి గుండుతో నవ్వుతున్నారు. ఈయనకి జడెక్కడిదని ఆ వాక్యాన్ని యథాతథంగా నెట్‌లో కొట్టి వెతికాను. తొమ్మిదేళ్ళ నాటి బ్లాగు దొరికింది. ఈ తల్లి ఎవరో, ఎక్కడుందో."

ఆమెకి నవ్వొచ్చింది. పన్నెండేళ్ళుగా ఆయన కాలమ్ పేపరుకి వెళ్ళేముందు ఆమె చేతి మీదుగానే వెళ్తుంది. సామెత తప్పు రాస్తే దిద్దేది ఆమె. పోయినవాళ్ళని బతికున్నట్టు రాస్తే ఆపేది ఆమె. ఈ ఒక్కటీ చూపించలేదు, ఏ మొహంతో చూపిస్తాడు? చూపించి ఉంటే ఆ జడ తనే తీసేసేది, ఆయన హాయిగా బయటపడేవాడు. ఆ ఆలోచన రాగానే తన మీద తనకే ఒళ్ళు మండింది. దొంగకి నిచ్చెన పట్టుకోవడం ఇంత అలవాటైపోయిందా?

చివరి వాక్యం దగ్గరికి వచ్చింది. అక్కడ పసుపు రంగు లేదు, ఎర్రగీత ఉంది. "చివరికి ఈ మాట మాత్రం మార్చారు" అని నర్సు రాసింది.

బ్లాగులో అత్తగారు అన్న మాట ఇది: "కడుపున పుట్టినవాళ్ళు మొహం చాటేశారు. ఎవరి కూతురివో, నువ్వు నా ఒళ్ళు కడుగుతున్నావు."

కాలమ్‌లో అదే అత్తగారు అంటోంది: "కడుపున పుట్టినవాడివి కాబట్టి నా ఒళ్ళు కడుగుతున్నావు నాయనా. ఎవరి కూతురో వచ్చి చేస్తుందా?"

ఆమె ఆ రెండు మాటల్నీ మూడేసిసార్లు చదివింది. వాక్యాలు పోతే పోయాయని ఈ మూడు రోజులూ సర్దిచెప్పుకుంది. ఇది వాక్యం కాదు. అత్తగారు మెతక మనిషేం కాదు, ఆ పదకొండు నెలల్లో సగం రోజులు కోడల్ని తిడుతూనే ఉంది. ఆ తిట్లమారి మనిషి ఒక్క మధ్యాహ్నం, సబ్బు వీపుతో, గోడవైపు తిరిగి అన్న మాట అది. కన్నకొడుకు మీద తల్లి చెప్పిన సాక్ష్యం. చచ్చిపోయిన మనిషి నోట్లోంచి దాన్ని లాగేసి, తన మెడలో దండగా వేసుకున్నాడు. పైగా "ఎవరి కూతురో" అట.

మిట్టమధ్యాహ్నం ఎప్పుడూ ఇంటికి రాని మనిషి ఆ రోజు వచ్చాడు. చేతిలో ఒక కాగితం.

"నాలుగింటికల్లా ఎడిటర్‌కి చేరాలి. రేపటి పేపర్లో వేస్తారట. బ్లాగు నువ్వు రాసిందే కాబట్టి నువ్వు చెబితే గొడవ అక్కడితో అయిపోతుంది" అన్నాడు.

ఆమె చదివింది. అందులో "నేను" అంటే తనేనట. "మా అత్తగారి సేవలో ఉన్న నా భర్త తన అనుభవాలు చెబుతుండగా, నేను బ్లాగులో రాసి పెట్టాను. ఆ వ్యాసం ఆయనదే" అని ఉంది.

"మీరు చెబుతుంటే నేను రాశానా?"

"అబ్బా, ఏదో ఒకటి. ఇప్పుడు మాటల్లో పట్టింపులెందుకు?"

"మీరు ఆ గదిలోకే రాలేదు."

"సంపాదించి తెచ్చి పోశాను కదా, అది సేవ కాదా? అయినా మొగుడూ పెళ్ళాల మధ్య దొంగతనమేమిటి? మనింటి బీరువా నేను తీస్తే దొంగతనమంటారా?"

"మీ అమ్మ మాట ఎందుకు మార్చారు?"

"అది ఉన్నదున్నట్టు వేస్తే నా గురించి ఏమనుకుంటారు?" అన్నాడాయన. అడిగినందుకు నొచ్చుకున్నట్టే అన్నాడు. "పాతికేళ్ళ పేరు. ఒక్క కాగితం నీ మెయిల్ నుంచి పంపడానికి ఇంత ఆలోచనా? ఆకలేస్తోంది. నేను తినొచ్చేలోపు తప్పులుంటే చూసి పంపించెయ్."

"అన్నీ స్టవ్ మీదున్నాయి" అంది ఆమె.

"కంచం నేనే పెట్టుకోవాలా?"

ఆమె వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుంది. వంటింట్లో మూతల చప్పుడు వినిపించింది. ఏ గిన్నెలో ఏముందో తెలియక ఆయన ఒక్కొక్కటే తీసి చూస్తున్నాడు.

రాయడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆ స్నానాలు చేయించింది తనేనని రాసింది. వ్యాసం తనదని, ఎవరూ అడగలేదని, తను ఇవ్వలేదని రాసింది. అత్తగారు అన్న మాట అక్షరం పొల్లుపోకుండా రాసింది. కింద బ్లాగు పేరు కాదు, ఫలానావారి భార్య అనీ కాదు, బళ్ళో వేసిన తన పూర్తి పేరు పెట్టింది. ఎడిటర్‌కి పంపింది. నర్సుకి కూడా ఒక ప్రతి పంపింది. పంపాక భయం వేసింది. రేపటి నుంచి ఈ ఇంట్లో ఎలా ఉండబోతుందో ఆమెకి తెలియదు. అయినా వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు.

ఆయన చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు.

"పంపావా?"

"పంపాను. మీరు రాసింది కాదు, నేను రాసింది."

"నువ్వు రాసిందా? ఏం రాశావు? ఏదీ, చూడనీ."

ఆమె కంప్యూటర్ మూసేసి లేచింది.

"రేపు పేపర్లో చదువుకోండి, అందరితోపాటు."