గడప మీది పసుపు

తన ఛానల్‌లో తను పెట్టని ఫోటో ఒకటి కనిపించింది స్నేహలతకు. ఆ ఫోటోలో ఉన్నది తన ఇంటి గడప.

శుక్రవారం, ఉదయం ఏడూ ముప్పై రెండు. నిజామాబాద్ ఖలీల్‌వాడిలోని ఆ చిన్న ల్యాబులో పరగడుపు రక్తపరీక్షల కోసం అప్పటికే ఆరుగురు బెంచీ మీద కూర్చున్నారు. ఏడో మనిషి చేతికి కట్టిన రబ్బరు పట్టీ విప్పడం మరిచిపోయి స్నేహలత ఫోను వైపే చూస్తోంది.

"అక్కా, ఆయన చెయ్యి నీలం పడ్తున్నది!" పక్క కుర్చీలోంచి నిరోష అరిచింది. "షుగర్ చూపిచ్చుకుందామని వస్తే చెయ్యే తీసేస్తవా ఏంది?"

బెంచీ మీద వాళ్లు నవ్వారు. స్నేహలత పట్టీ విప్పి, దూది నొక్కి, వెనక గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

ఫోటో కింద ఒకటే వాక్యం. 'సాయంత్రం అయిదింటి వీడియో పెడితే ఈ గడప ఎవరిదో చెప్తం.'

ఛానల్ పేరు 'కొమ్ము విరిస్తే'. పన్నెండు వేల నాలుగు వందల మంది చదువుతారు. దాన్ని నడిపేది ఎవరో ఒక్కరికి కూడా తెలియదు. తొమ్మిది నెలల కింద నాలుగేళ్ల పాప రక్తం హైదరాబాద్‌కు పంపితే సీసం ఎక్కువుందని రిపోర్టు వచ్చింది. ఆ తల్లి వంటింట్లోంచి తెచ్చిచ్చిన పసుపు కొమ్మును స్నేహలత విరిచి చూసింది. పైన నిమ్మపండులా మెరుస్తోంది, లోపల పాలిపోయి ఉంది. పైన పూసింది పసుపు కాదు, సీసమున్న రంగు. ఆ రోజే ఛానల్ మొదలైంది.

జాగ్రత్తలన్నీ తీసుకుంది. ఖాతా తెరిచింది చనిపోయిన నానమ్మ అంజవ్వ పేరు మీదున్న సిమ్ముతో, లాగిన్ కోడు వచ్చేది దానికే. అది వేసిన బటన్ల ఫోను ఎప్పుడూ ఆపేసి, ఇంట్లో దేవుడి అలమరలోని పెద్ద పసుపు డబ్బాలో, కవర్‌లో చుట్టి అడుగున పాతిపెట్టింది. తన గొంతు ఎక్కడా వినిపించనీయలేదు. ఇప్పటిదాకా తీసిన ఫోటో ఏదీ ఆ రోజే పెట్టలేదు.

ఖాతా సెట్టింగుల్లోకి వెళ్లింది. రెండో ఫోను ఒకటి కనిపించింది. ఆరూ యాభై రెండుకు ఎవరో లాగిన్ అయ్యారు. ఆ సమయానికి తను బస్సులో ఉంది, ఫోను సంచిలో ఉంది. ఆ రెండో ఫోనును తీసేసి, ఫోటో తుడిచేసి, తొమ్మిది నెలలుగా పెట్టుకోవాలనుకుంటూ వాయిదా వేసిన రెండో పాస్‌వర్డ్ ఇప్పుడు పెట్టింది.

కానీ అప్పటికే ఆలస్యమైంది. వచ్చినవాళ్లు నలభై నిమిషాలు లోపలున్నారు. ఆ ఖాతాలో నాగవ్వ గొంతు ఉంది.

నాగవ్వ బోధన్ రోడ్డులోని పసుపు పాలిష్ మిల్లులో కొమ్ములు ఏరే మనిషి. కూడబలుక్కొని చదువుతుంది, రాయడం రాదు. అందుకే చెప్పదలచుకున్నదంతా గొంతుతోనే పంపేది, ఛానల్ నడిపేది ఎవరో సారు అనుకొని. రంగు బస్తాల ఫోటోలు ఆమె ఇచ్చినవే. నిన్న పంపిన ఆఖరి మాట స్నేహలతకు కంఠతా వచ్చు. "సారూ, ఎనక షెడ్డుల రంగు కలిపేటాయన్ని రేపు నాలుగింటికి వీడియో తీసి పంపుత. ఆయన మొఖం మాత్రం కనవడనియ్యకుండ్రి. మంచోడే పాపం. మా బాధలు అర్సుకునేది ఆయనొక్కడే."

ఆ వీడియో అయిదింటికి పెడతానని స్నేహలత రాత్రే ఛానల్‌లో చెప్పేసింది. నాగవ్వ గొంతు విన్న మిల్లు మనిషి ఎవరైనా అరక్షణంలో పోల్చుకుంటారు.

'మీ పేరు తెలిసిపోయింది. మిల్లుకు పోకండి' అని టైపు చేసి పంపింది. నాగవ్వ చూసినట్టు గుర్తు రాలేదు.

అప్పుడు అసలు విషయం తట్టింది. ఫోటో వీధిలోంచి తీసింది కాదు. గడపకు అవతల ఎదురింటి బోరింగు కనిపిస్తోంది. అంటే తీసినవాడు ఇంట్లో నిలబడి తీశాడు. బటన్ల ఫోను కూడా ఆ ఇంట్లోనే ఉంది.

బాపు ఏడింటికల్లా మిల్లుకు పోతాడు. అదే మిల్లు. ముందు షెడ్డులో లారీలకు బస్తాలు ఎక్కించే మేస్త్రి. ఆయన నౌకరీ పోకూడదనే స్నేహలత ఇంట్లో కూడా ఛానల్ మాట ఎత్తలేదు. అమ్మ గంగమణి మంగళవారం బాల్కొండ పోయింది, చెల్లెలి కాన్పుకు. ఏడు గంటల తర్వాత ఇంటికి తాళం ఉండాలి.

బాపుకు ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. మళ్లీ అంతే.

"నిరోషా, ఈ ఆరుగురిని నువ్వే చూస్కో. ఇంట్ల పనిబడ్డది."

"ఏమైందక్కా? మొఖమంత చెమట..."

సంచి అందుకొని బస్టాండు దారి పట్టింది.

బోధన్ బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ కోసం ఆధార్ కార్డు తీసి చూపిస్తే కండక్టర్ ముత్యం చూడనైనా చూడలేదు. రోజూ చూసే మనిషే.

"పొద్దుగాల పోయినవ్, బండి తిరిగొచ్చేసరికి నువ్వు తిరిగొచ్చినవ్. పీకేసిండ్రా ఏంది చెల్లె?"

"లేదన్నా. బాపు ఫోన్ ఎత్తుతలేడు."

"మొగోళ్లు ఫోన్ ఎత్తుతరా? నా భార్యనడుగు, చెప్తది." టికెట్ చింపి ఇచ్చి ముందుకు పోయాడు.

ఫోను తెరిచింది. ఫోటో తుడిచేసినా అప్పటికే ఎందరో దాచుకున్నారు. కింద మాటల వరద. 'అడ్మిన్ దొరికిండు.' 'గిది ఎడపల్లి దిక్కు ఇల్లు లెక్కున్నది.' 'పసుపు మీద రాసెటోడు గడపకు పసుపు మంచిగనే పూసిండు గదా.'

ఆ చివరి మాట దగ్గర ఆమె వేలు ఆగింది.

తనూ ఒక కాపీ దాచుకుంది. తెరిచి పెద్దది చేసి చూసింది. గడప మీద పసుపు తడిగా ఉంది. పొద్దున ఆరున్నరకు తను దాటినప్పుడు పోయిన శుక్రవారం పసుపే వెలిసిపోయి ఉంది. అమ్మ లేదు, తను పూయలేదు. బెదిరించడానికి ఇంట్లో దూరినవాడు, ఈరోజు శుక్రవారమని గుర్తుపెట్టుకొని గడపకు పసుపు పూస్తాడా?

అమ్మ పూస్తే నాలుగు వేళ్ల గీతలు సన్నగా, ఒకే వాలుగా పడతాయి. ఇది అరచెయ్యి మొత్తం ఆనించి, గోడకు సున్నం కొట్టినట్టు మందంగా పట్టించిన పూత. కుంకుమ బొట్లు లేవు. పూసిన మనిషికి ఆ సంగతి తెలియదు.

పసుపు డబ్బాలో మగవాళ్లు చెయ్యి పెట్టరు. అందుకే కదా ఫోను అక్కడ దాచింది.

అప్పుడే నాగవ్వ నుంచి గొంతు మెసేజ్ వచ్చింది. స్నేహలత ఫోనును చెవికి అదిమి పెట్టుకుంది. మొదట ఎండుటాకుల గరగర. తర్వాత అతి మెల్లగా, ఊపిరితో కలిసి మాటలు.

"సారూ... సేటు మనుషులు ఇంటికొచ్చిండ్రు. మా ఆయన ఫోన్ గుంజుకున్నరు. నా పేరు ఎవరో చెప్పిండ్రట. నేను ఎనక దర్వాజలకెళ్లి ఉరికొచ్చి చెరుకు తోటల పడ్డ. జీపు తోట సుట్టు తిరుగుతున్నది సారూ. నా పేరు మీరు చెప్పలే గదా?"

బస్సు పక్కన కిలోమీటర్ల కొద్దీ చెరుకు. ఏ తోటో చెప్పలేదు. చెప్పినా ఏం చేయగలదు? పోలీసులకు ఫోను చేసి మాట్లాడింది. 'ఏ తోటమ్మా? బోధన్ తాలూకా అంత తోటనే గదా' అన్నారు. పేరు, మిల్లు చెప్పింది. చూస్తామన్నారు.

తన ఊరు ఎడపల్లిలో దిగి ఇంటికి పరుగెత్తింది.

తాళం లేదు. తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసింది. గడప మీద పసుపు ఇంకా ఆరలేదు.

బాపు రామ్‌దాస్ దేవుడి అలమర ముందు నేల మీద కూర్చున్నాడు. ఒళ్లో పసుపు డబ్బా, పక్కన కవర్ విప్పిన బటన్ల ఫోను. మోచేతి దాకా పసుపు.

"బాపు! నీకేం గాలే గదా? ఎవరన్న వచ్చిండ్రా?"

"ఎవరొస్తరు? నేనే ఉన్న."

ఆమె కళ్లు కవర్ విప్పిన ఆ ఫోను మీద నిలిచాయి.

"మీ అమ్మ పొద్దుగాల బాల్కొండ నుంచి ఫోన్ జేసింది," అన్నాడాయన, డబ్బాలోకే చూస్తూ. "శుక్రారం గడప ఉత్తగుంచద్దు, దానికి చెప్తె మర్సిపోతది, నువ్వే పుయ్యి అన్నది. నువ్వు పోయినంక చెయ్యి పెట్టిన. గిది దొరికింది. ఆన్ జేస్తే ఆ ఛానల్ కోడులే వరుసగున్నయ్. ఆ నంబరుతోని నా ఫోన్ల ఛానల్ తెరిసిన. మిల్లుల అందరం నెలల సంది ఎతుకుతున్న మనిషి నా ఇంట్లనే అన్నం తింటున్నది."

"బొట్లు పెట్టలే నువ్వు."

"గది నాకు తెల్వది బిడ్డా."

స్నేహలత ఆయన చేతుల వైపు చూసింది. రోజూ సాయంత్రం ఆ చేతులకు డీజిల్ వాసన ఉండేది. లారీల దగ్గర పని కదా అనుకునేది. నీళ్లకు, సబ్బుకు పోని రంగు డీజిల్‌కు పోతుంది.

"ఎనక షెడ్డుల మనిషి నువ్వేనా?"

ఆయన చేతులను డబ్బా వెనక్కి లాక్కున్నాడు.

"నాగవ్వ పేరు సేటుకు చెప్పింది నువ్వేనా?"

డబ్బా మూత కోసం నేల మీద తడిమాడు. అది చేతికి అందేంత దగ్గరలోనే ఉంది. అయినా దొరకలేదు.

ఆమె ఫోను తీసి నాగవ్వ మెసేజ్ పెట్టింది. ఆకుల గరగర ఆ గదంతా నిండింది. జీపు చుట్టూ తిరుగుతోందన్న మాట దగ్గర రామ్‌దాస్ కళ్లు మూసుకున్నాడు. "నా పేరు మీరు చెప్పలే గదా" అన్నప్పుడు ఫోను ఆపమన్నట్టు చెయ్యి ఎత్తాడు.

"ఇంటికి మనుషుల్ని పంపుతడనుకోలే," అన్నాడు. "పని బందు పెట్టి ఊకుంటడనుకున్న. బిడ్డా, నేను..."

"నాకు చెప్పకు బాపు."

ఛానల్ తెరిచింది. మైకు గుర్తు నొక్కి, వేలు పైకి లాగి వదిలింది. ఎర్ర చుక్క వెలిగింది. ఫోనును ఇద్దరికీ మధ్య నేల మీద పెట్టింది.

"వాళ్లకు చెప్పు. ఆమెను తోటలకెళ్లి బయటికి తెచ్చే మాట ఏదన్న ఉంటే అది చెప్పు."

ఆయన ఆ చుక్క వైపు చూశాడు. "మొఖం కనవడ్తదా?" అని పెదాలతోనే అడిగాడు. లేదని తలూపింది. పసుపు చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. మిల్లులో హమాలీలను పిలిచే గొంతు అది, పెద్దగా, తడబాటు లేకుండా.

"నా పేరు రామ్‌దాస్. ఎడపల్లి. పొద్దుగాల మీరు చూసిన గడప నాది. ఆ ఫోటో పెట్టింది నేనే. భానుప్రసాద్ సేటు మిల్లుల ఎనక షెడ్డుల రంగు కలిపేది ఆరేండ్ల సంది నేనే. డ్రమ్ము తిరుగుతుంటే డబ్బతోని పోస్త. రామ్‌దాస్ చెయ్యి పడితె పుచ్చు కొమ్ము గూడ బంగారమైతదని మార్కెట్ల పేరు. ఆ పేరుకు ఉబ్బిపోయిన.

"ఈ ఛానల్ ఎవరిదని సేటు ఎతుకుతున్నడు. సేటూ, ఎతకకు. నాది. నాగవ్వ పేరు నీకు చెప్పింది నేనే, అది అబద్ధం. నా మీదికి రావద్దని, ఒకరిని సూపెట్టాల్నని ఆమె పేరు చెప్పిన. ఆమెకు ఏం తెల్వది. కొమ్ములు ఏరుతది, అంతే. నీ జీపు తోట కాడి నుంచి గిటు తోలు. నేను ఇంట్లనే ఉన్న, తలుపు తెరిసే ఉన్నది. ఇది పన్నెండు వేల మంది ఇంటున్నరు, యాది వెట్టుకో.

"ఇంకొకటి. రంగుల విషమున్నదని నాకు తెల్వదని ఎవరన్న అంటే నమ్మకుండ్రి. మా ఇంట్ల ఇయ్యాల్టి దాక వండింది మా చేను పసుపే. కొమ్ములు నేనే ఉడకబెట్టి, ఎండబెట్టి, పట్టిచ్చిన. మిల్లు పసుపు ఒక్క చిటికెడు ఈ గడప దాటనియ్యలే. తెల్వక చేసిన అని చెప్పుకుందామని పొద్దటి సంది ఆలోచన జేస్తున్న. గడప సూస్తే నోరు వస్తలేదు. తెలిసే చేసిన."