ముద్ర పడని కాగితం

చెప్పుల ఫ్యాక్టరీ నోటీసు బోర్డు మీద సీనియారిటీ జాబితా అంటించారు. మనుషుల్ని తీసేసేటప్పుడు చివర చేరినవాళ్ళు ముందు పోవాలన్నది చట్టం. అందుకని కింది నుంచి పన్నెండు పేర్లు లెక్కపెట్టి గీత గీశారు. గీతకు సరిగ్గా కిందనే కటింగు మేస్త్రి అల్లుడి పేరుంది. తీసేసేవాళ్ళలో ఒక్క మనిషి తగ్గితే అతను గీత దాటి పైకొచ్చేవాడు.

ఆ గీత మేస్త్రికి కంట్లో నలుసయింది. ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా తోలు కోస్తున్న మనిషి. ఒక తోలులో ఎన్ని జతలు వస్తాయో చేత్తో తడిమి చెప్పేస్తాడు. మనుషుల లెక్కా అంతే అనుకున్నాడు. ఒక పక్క తగ్గిస్తే ఇంకో పక్క మిగులుతుంది.

“ఎవరైనా తమంతట తాము తప్పుకుంటే, సార్?” అని మేనేజరును అడిగాడు.

“చూద్దాం, మేస్త్రీ,” అన్నాడు మేనేజరు, ఫోనులోంచి తలెత్తకుండా.

ఆ ‘చూద్దాం’ను మేస్త్రి మూటగట్టుకుని వచ్చాడు. సోమవారం పొద్దున్నే, నా ఇష్టంతో నేనే మానేస్తున్నానని నాలుగు లైన్లు రాసి టైమాఫీసులో ఇచ్చాడు. అక్కడి గుమస్తాను అందరూ ముద్రమ్మ అంటారు. ఆవిడ ముద్ర కొట్టందే ఆ ఫ్యాక్టరీలో కాగితం కదలదు.

“ఇంట్లో అడిగే రాశావా, అన్నా?”

“అడిగితే నా చెయ్యి విరగ్గొడతారమ్మా. నువ్వు ముద్ర కొట్టు.”

“ప్యాడ్ ఎండిపోయింది. అక్కడ పెట్టి వెళ్ళు.”

ఆ సాయంత్రం అన్నాల దగ్గర, “నీ పనికి ఢోకా లేదు బాబూ. నేను మాట్లాడాను,” అన్నాడు మేస్త్రి. ఏం మాట్లాడాడో అల్లుడు అడగలేదు. కూతురు మాత్రం తండ్రి కంచంలో అడక్కుండానే ఇంకో గరిటె వడ్డించింది.

శుక్రవారం కవర్లు పంచారు. పన్నెండోది అల్లుడి చేతికే వచ్చింది.

మేస్త్రి మేనేజరు గదికి పరుగెత్తాడు. “నేను తప్పుకున్నాను కదా, సార్.”

“నీ కాగితమేదీ నా దాకా రాలేదే. వచ్చినా ఏం లాభం? పన్నెండు మందిని తీయడానికి అనుమతి తెచ్చుకున్నాం. నువ్వూ పోతే పదమూడవుతుంది, అంతే. చూద్దాం అన్నాను. చూశాను.”

టైమాఫీసులో ముద్రమ్మ అతన్ని చూడగానే సొరుగు తెరిచింది. కాగితం అతనిచ్చింది ఇచ్చినట్టే అందులో ఉంది.

“ప్యాడ్ ఇంకా తడవలేదా?”

“నాలుగు రోజులుగా సిరా పోస్తూనే ఉన్నా, అన్నా. తడవట్లేదు.” ఆవిడ వేళ్ళకు ఊదారంగు సిరా తడితడిగా మెరుస్తోంది.

“ఇప్పుడైనా కొట్టెయ్యమ్మా. ఏ మొహంతో ఆ కటింగు బల్ల ముందు నిలబడను?”

“తీసేసినవాళ్ళకు పరిహారం ఉంటుంది. మళ్ళీ మనుషుల్ని పెట్టుకుంటే ముందు వాళ్ళనే పిలవాలి. నీ అంతట నువ్వు పోతే ఆ రెండూ లేవు. కొరివితో తల గోక్కుంటావా?”

“సోమవారమే చెప్పొచ్చు కదమ్మా.”

“వినేవాడివా?”

ఆమె కాగితాన్ని అతని వైపు జరిపింది.

“ముద్ర పడేదాకా ఇది నీ కాగితమే. పట్టుకుపో,” అందామె.

గేటు బయట అల్లుడు ఏప్రన్ చుట్టి చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

“మాట్లాడానన్నారుగా, మామయ్యా,” అన్నాడు. గొంతులో కోపం లేదు. “మొన్న బుధవారం బ్యాగులు కుట్టేచోట పనికి రమ్మన్నారు. ఇక్కడ ఢోకా లేదు కదా అని వద్దన్నాను. ఇందాక ఫోన్ చేస్తే, వేరేవాణ్ణి పెట్టుకున్నామన్నారు.”

మేస్త్రి జేబులోంచి కాగితం తీసి అందించాడు. అల్లుడు రెండుసార్లు చదివాడు. ‘ముప్ఫయ్యొక్క ఏళ్ళు’ అన్నచోట అతని వేలు ఆగింది. తరవాత పాత మడతల మీదే మడిచి, తన కవర్లో, తనను తీసేసిన ఉత్తరం పక్కన పెట్టుకున్నాడు.

“ఈ కాగితం సంగతి మీ అమ్మాయికి చెప్పకండి. తట్టుకోలేదు,” అన్నాడు. “సోమవారం మీరు మామూలుగానే వెళ్ళండి, మామయ్యా. క్యారేజీ నేను కడతాను.”

సోమవారం మేస్త్రి ఆ క్యారేజీ తెచ్చి బల్ల కింద పెట్టాడు. అల్లుడు చెప్పులకు అడుగులు అంటించే పక్క బల్ల మీద జిగురు డబ్బా మూత తీసి ఉంది. వెళ్ళి మూత పెట్టి వచ్చాడు. తోలు పరిచి తడిమాడు. ఎన్ని జతలు వస్తాయో చేతికి అందలేదు. మళ్ళీ మొదటినుంచి తడమడం మొదలుపెట్టాడు.