బొట్టు పెట్టి పిలిచిన మెల్లకన్ను

చిట్కుల్‌ల ఆ కిరాయి ఇండ్ల గల్లీకి మెల్లకన్ను ఒక్కటే. అది ఎవ్వరి సొంతం కాదు. కొన్నొద్దులు సోమమ్మ ఇంట్ల దిగితే ఆమె ఎడమకన్ను ముక్కుదిక్కు తిరిగేది, తర్వాత ఇంకొకరింటికి పోయేది. ఊకె పోదు, మర్యాద తెలిసిన చుట్టం. అది ఉన్నామె నుదుట బొట్టు పెట్టి పిలిస్తేనే లేస్తది. చుట్టమొచ్చిందని, అది దిగిన ఇంట్ల కూరల ఇంత నూనె ఎక్కువ పడేది.

ఆ ఏడు అది బీరమ్మ ఇంట్ల దిగింది. బీరమ్మ పటాన్‌చెరు దిక్కు మందుల కంపెనీల గోలీల పట్టీలు సూసి, పగిలినయి ఏరేస్తది. కొత్త మేనేజర్ బాపిరాజు అందరికి డాక్టర్ పరీక్ష పెట్టిండు. ప్రతి రోగానికి కంప్యూటర్ల ఒక నంబరు ఉంటదట. కన్ను లోపలికి తిరిగితే మూడువందల డెబ్బయెనిమిది. ఆ నంబరు పడ్డోళ్లకు నౌకరి బంద్.

పక్క మిషన్ మీద పనిచేసే రాధమ్మ పరీక్షకు ముందురోజే బీరమ్మ ఇంటికొచ్చింది. దాన్ని ముసలి పోచయ్య ఇంటికి పంపుదాం, ఆయనకు నౌకరి లేదు కదా అన్నది. బీరమ్మ ఒప్పుకోలె.

"ఇంటికొచ్చిన చుట్టాన్ని భయానికి ఎల్లగొడ్తనా? ఈ కన్నుతోని ఒక్క పగిలిన గోలీ గూడ ఇడిసిపెట్టలె. రాసుకోనీ."

పంతమంటే గట్లుండాలె. కానీ ఆ నౌకరి మీదనే ఇల్లు గడుస్తది. బుగులు లోపల పెట్టుకొనే లైన్ల నిలబడ్డది.

డాక్టర్ టార్చి కొట్టి సూసి, నంబరు కొట్టిండు. బీరమ్మ బయటికి రాంగనే రాధమ్మ కొంగుముడి ఇప్పి, కుంకుమ తీసి ఆమెకు బొట్టు పెట్టింది. మా ఇంటికి రావమ్మా అని పిలిచింది. బీరమ్మ కన్ను సక్కగైంది, రాధమ్మది తిరిగింది. రాధమ్మ లోపలికి పోయింది, మళ్ల అదే నంబరు. ఆమె రాంగనే లైన్ల ఎనకున్న అరుణమ్మ కుంకుమ అందుకున్నది. పగటన్నం యాళ్లకు లైనంతటికి ఒకటే నంబరు. డాక్టర్‌కు చుట్టం సంగతి ఎరికే, కానీ కంప్యూటర్ల చుట్టానికి నంబరు లేదాయె.

పనికి పనికిరారని కాగితాల మీద ఎర్ర ముద్రలు కొట్టుకుంట కూసున్న బాపిరాజు, మిషన్లు ఆగినయని ఉరికొచ్చిండు. లైన్ల ఆఖరుకు ముత్యమ్మ ఉన్నది, మెల్లకన్ను అప్పుడు ఆమె దగ్గరున్నది. ఆమె చుట్టం సంగతి చెప్తే, సిరా అంటిన వేలు ఆమె నుదుటికి ఆనిచ్చి అరిచిండు.

"దమ్ముంటే నా దగ్గరికి రమ్మను!"

పిలిస్తే రాకుంటదా? ముత్యమ్మ నుదుట ఎర్రగ బొట్టు పడ్డది, బాపిరాజు ఎడమకన్ను ముక్కుదిక్కు తిరిగింది. ఎవ్వరు నవ్వలె. డాక్టర్ మెల్లగ అడిగిండు.

"సార్, మీకు గూడ నంబరు కొట్టాల్నా?"

బీరమ్మ కుంకుమ పట్టుకొని బాపిరాజు ముందర నిలబడ్డది. ముందు మా నంబర్లు తీసేయించు, కాగితాలు చింపు, అప్పుడు పిలుస్త అన్నది. ఆయన అన్నీ చేసినంకనే బొట్టు పెట్టింది.

"రావమ్మా, మనింటికి పోదాం. ఈయనకు చుట్టాన్ని అర్సుకునుడు రాదు."

తెల్లారి బీరమ్మ మేనేజర్ అద్దాల గదికి ఎదురుంగ ఉన్న మిషన్ అడిగి తీసుకున్నది. మెల్లకన్నుతోనే కూసొని, పగిలిన గోలీలు ఏరుడు మొదలువెట్టింది.