రెండు షిఫ్టుల అన్నం

గోదావరిఖనిలో బొగ్గుబాయి అడుగున పంపు నడిపే సదయ్యకు ముప్పై ఏళ్లుగా వారానికో షిఫ్టు. ఆయన కడుపు మాత్రం ఎప్పుడూ పోయిన వారం షిఫ్టులోనే ఉండిపోయేది. భార్య పోశవ్వ ఈ వారం షిఫ్టు ప్రకారం వండేది. ఎవరినీ నొప్పించడం ఇష్టంలేక ఆయన రెండు వేళలకూ తినేవాడు. మధ్యలో క్యాంటీన్ చాయ్, మిర్చీలు నిలబడి తిన్నవి కాబట్టి తిండి కింద జమ కావు.

2008లో షుగర్ వచ్చింది. ఇన్సులిన్ పది యూనిట్లతో మొదలై నలభైకి చేరింది. షుగర్ కూడా వెనుకబడలేదు. కుడికాలి బొటనవేలి మీద గంబూటు ఒరుసుకుని లేచిన పుండు మూడు నెలలైనా మానలేదు.

దవాఖానకు కొత్తగా వచ్చిన డాక్టర్ అజీజున్నీసా ఆ వేలు చూసింది. రెండు నెలల్లో షుగర్ దిగకపోతే వేలు తీసేయాల్సి వస్తుందని, అక్కడితో ఆగుతుందని మాట ఇవ్వలేనని చెప్పింది. అయితే సూది ఇంకో పది పెంచమన్నాడు సదయ్య. నీళ్లు ఎక్కువైతే ఇంకో పంపు వేయాలి, ఆయనకు తెలిసిన వైద్యం అదొక్కటే.

ఆమె ఓపిగ్గా వివరించింది. ఇన్సులిన్ వచ్చి కణం తలుపు కొడుతుంది, తలుపు తీస్తే చక్కెర లోపలికి పోతుంది. తిన్నప్పుడల్లా ఒంట్లో ఇన్సులిన్ ఊరుతుంది, పైనుంచి సూది సరేసరి. రోజంతా కొడుతూనే ఉంటే కణం ఒక్కో తలుపునూ లోపలికి లాక్కుని అక్కడ గోడ కట్టేస్తుంది. మిగిలినవీ సరిగ్గా తెరుచుకోవు.

“ఇంకింత కొడితే తలుపులు ఇంకింత తగ్గుతయి, సదయ్యన్నా. కొన్ని గంటలు నిమ్మళం ఇస్తే మల్ల పెట్టుకుంటది. సూది నేను చూసుకుంట తగ్గిస్త, మీ అంతట మీరు ఆపొద్దు.”

పొద్దున పదకొండుకు ఒకసారి, సాయంత్రం ఏడింటికి ఒకసారి తినమంది, మధ్యలో ఏమీ వద్దంది. చిక్కేమిటంటే ఆ రెండు వేళల్లో ఏ షిఫ్టూ వదలదు. బాయి నుంచి పైకొచ్చిన మనిషి ముందు కంచం పెట్టకపోవడం ఏం సంసారమని పోశవ్వ మండిపడింది. డాక్టరును ఏమీ అనలేక ఆ తలుపులను తిట్టిపోసింది. తిడుతూనే పాటించింది.

రెండో నెలాఖరున సదయ్య ఉదయం షిఫ్టు దిగి, అటునుంచే దవాఖానకు పోయి, ఐదింటికి ఇల్లు చేరాడు. షుగర్ దిగింది, సూది పద్దెనిమిదికి వచ్చింది, పుండు అంచున కొత్త చర్మం పుడుతోంది. వేలు దక్కిందన్నాడు. పోశవ్వ లోపలికి పోయి నిండా అన్నం వడ్డించుకొచ్చింది. ఆయన కంచం అందుకోలేదు.

“ఇన్నేండ్లు ఆకలి ఎట్లుంటదో నాకు ఎర్కనే లేదే. నువ్వు పెట్టుకొని కూసుంటవని తిన్న.”

పోశవ్వ కంచం పట్టుకునే నిలబడింది.

“నువ్వు తింటుంటేనే బాయిలకెళ్లి బతికొచ్చినవని నాకు నమ్మకం. గందుకే పెట్టిన.”

ముప్పై ఏళ్లలో ఆమె ఈ మాట అనలేదు. రోజూ తనకోసం ఇంతగా భయపడుతున్న మనిషికి ఒక్క మాటైనా చెప్పకుండా, తిని చెయ్యి కడుక్కుని లేచిపోయానని ఆయనకు సిగ్గేసింది. గడపలో కూర్చుని ఆమెనూ పక్కన కూర్చోమన్నాడు.

కాసేపటికి, “నిజంగనే ఆకలైతంది,” అన్నాడు.

పోశవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. కంచం మీద మూత పెట్టింది.

“ఏడు గంటలు కానియ్యి,” అంది.